గరుకంటే ఏం గరుకు

మొన్న కామారెడ్డి గంజ్‌లో జొన్నలు కొందామని ఒక కొట్టు ముందు ఆగాను. గోనెసంచి మూతి కిందికి మడిచిపెట్టి ఉంది. ధర అడగకముందే నా కుడిచెయ్యి తనంతట తాను మణికట్టు దాకా జొన్నల్లోకి దిగింది. కళ్ళు మూతపడ్డాయి. ఇక నోరు ఊరుకుంటుందా, "సల్లగున్నయి. నున్నగున్నయి. ఒక్కొక్కదానికి ఒక దిక్కు చిన్న మొన ఉన్నది. కిందికి పోతుంటే దుమ్ము తగులుతున్నది" అని పైకే చెప్పేసింది. కొట్టాయన తక్కెడ పట్టుకొని నన్ను ఎగాదిగా చూశాడు. "ఏందమ్మా, జొన్నలకు మంత్రమేస్తున్నవా?" అన్నాడు. ఈ చూపులు నాకు కొత్త కాదు. బట్టల దుకాణంలోనూ, కూరగాయల బండి దగ్గరా, ఒకసారి చావింట్లో కూడా ఇలాగే చూశారు. "నీ జొన్నలకు మంత్రమెందుకు నాయినా, మంచిగనే ఉన్నయి, తూకమెయ్యి" అన్నాను. అసలు సంగతి చెప్పాలంటే ఖైరున్ ఆపా గురించి చెప్పాలి. జొన్నలు తూచే లోపల అయ్యే పని కాదది.

ఆపా అంటే అక్క, ఆమె పూర్తి పేరు ఖైరున్నీసా. కామారెడ్డిలో ఒక ఎముకల డాక్టరు నడిపిన చిన్న ఆస్పత్రి వెనక, రేకుల గదిలో కూర్చొని, దెబ్బతిన్న చేతులకు మళ్ళీ పని నేర్పేది. నేను ఎల్లారెడ్డి మనిషిని. ఎనభైల నడుమ నాకు పెళ్ళీడు వచ్చి, పెళ్ళి ఇంకా కుదరని రోజుల్లో, సుమారు ఏడాదిన్నర పాటు వారం వారం బస్సెక్కి ఆమె దగ్గరికి వెళ్ళాను. ఆమె నాకు చుట్టం కాదు, పంతులమ్మ కూడా కాదు. అయినా నేను మాట్లాడే తీరులో సగం ఆమెదే అని ఇప్పుడు అనిపిస్తుంది.

అప్పుడు మా ఇంట్లో అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, నేను, ఇద్దరమే. నాన్న, మా బాపు, నా చిన్నప్పుడే పోయాడు. మా వాడకట్టులో ఆడవాళ్ళందరిలాగే మేమూ బీడీలు చేసేవాళ్ళం. అవ్వకు వేళ్ళ కణుపులు వాచి చుట్టడం చాతకాకపోయేది. తునికాకు తడిపి, తడిబట్టలో చుట్టిపెట్టి, చేసిన బీడీలను కట్టలు కట్టడం ఆమె వంతు. చుట్టడం నా వంతు. నేను పదో తరగతి పాసయ్యాను గానీ ఇంటిని నడిపింది ఆ సర్టిఫికెట్ కాదు, నా కుడిచేతి బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్ళూ. బీడీ చేయడం వచ్చినవాళ్ళు చేతులను చూసుకోరు. ఒడిలో చాట ఉంటుంది, కళ్ళు ఎదుటివాళ్ళ ముఖం మీద ఉంటాయి, నోరు ఊళ్ళో సంగతులన్నీ చెబుతూ ఉంటుంది. ఆకులో తంబాకు ఎంత పడిందో, చుట్ట వదులైందో బిగువైందో వేళ్ళకే తెలిసిపోతుంది. చూసి చుట్టే పిల్లను "అగో, దీనికి ఇంకా కండ్లతోనే పని" అని ఎగతాళి చేసేవాళ్ళు.

ఒకనాడు సాయంత్రం కందిలి దీపం గ్లాసు కడుగుతున్నాను. కందిలి పెట్టిన ఇళ్ళల్లో ఈ పని ఆడపిల్లలదే, ఎందుకంటే గ్లాసు మూతిలో సన్నటి చెయ్యే పడుతుంది. లోపలికి బూడిద గుడ్డ తోసి తిప్పుతుంటే గ్లాసు పగిలింది. పగిలిన అంచు మణికట్టు లోపలి వైపు దిగింది. రక్తం చాలా పోయింది. ఎల్లారెడ్డిలో కుట్లు వేశారు, తోలు అతుక్కుంది. అంతా అయిపోయిందనుకున్నాం. కట్టు విప్పాక చూస్తే మూడు వేళ్ళు నావి కానట్టున్నాయి. కదులుతున్నాయి గానీ ఏం ముట్టుకున్నా తెలియడం లేదు. లోపల నరం తెగిందని కామారెడ్డి ఎముకల డాక్టరు చెబితే పట్నం పెద్దాస్పత్రికి పోయి అతికించుకొని వచ్చాం. నరం మళ్ళీ పెరుగుతుందట, కానీ చాలా నెమ్మదిగా, గోరు పెరిగినట్టు. అప్పటిదాకా ఓపిక పట్టమన్నారు. ఓపిక పట్టమని చెప్పేవాళ్ళకు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో తెలియదు, పాపం వాళ్ళ తప్పు కాదు.

ఆ రోజుల్లో రెండుసార్లు రొట్టె కాలుస్తూ వేళ్ళు కాల్చుకున్నాను. నొప్పి తెలియలేదు. కమురు వాసన వస్తే రొట్టె మాడిందనుకొని పెనం వైపు చూశాను, మాడింది నా వేలు. అవ్వ పెనం లాక్కొని, ఇక పొయ్యి దగ్గరికి రావద్దని ఒట్టు పెట్టించుకుంది. చాట మాత్రం వదల్లేదు నేను. అరుగు మీద అందరితో కూర్చొని చేతుల వైపే చూస్తూ చుట్టేదాన్ని. తంబాకు జారిపోయేది. చుట్టిన బీడీ పట్టుకుంటే విప్పుకునేది. బీడీల ఖార్ఖానాలో సేటు నా కట్టల్లో సగం పక్కకు తోసేసేవాడు. చెయ్యి తెగిన సంగతి వాడకట్టుకంతా తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే. గాయం మణికట్టు దగ్గర ఉంటే మొద్దుబారింది వేళ్ళెందుకు? దీనికి నా దగ్గర జవాబు ఉంది, పట్నం డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. వాళ్ళెవరూ ఆ బొమ్మ చూడలేదు.

మా ఎదురింటి అంజవ్వ మాట పడే మనిషి కాదు, కానీ చెడ్డది కూడా కాదు. ఒకనాడు నేను తల తిప్పి ఎవరితోనో మాట్లాడుతుంటే నా నడిమివేలి కొసకు తుమ్మముల్లు గుచ్చింది. నేను మాట్లాడుతూనే ఉన్నాను. ముల్లు వేలిలో నిలబడి ఉంది. అరుగు మీద మాటలన్నీ ఒక్కసారి ఆగిపోతే అప్పుడు దించి చూసుకున్నాను. అంజవ్వ ముల్లు తీసేసి, రక్తపు చుక్కను తన కొంగుతో తుడవబోయి, తుడవకుండా చెయ్యి వెనక్కు తీసుకుంది. ఒంటి మీద ఎక్కడైనా స్పర్శ పోతే మావాళ్ళకు తెలిసిన పేరు ఒక్కటే, పెద్దరోగం, అంటే కుష్ఠు. ముల్లు గుచ్చి చూడటం దానికి మావాళ్ళు పెట్టే పరీక్ష. తాతల కాలం నుంచీ అదే. మరునాడు నేను చాటతో వెళ్ళేసరికి నా చోటుకు అటూ ఇటూ రెండేసి మనుషుల జాగా ఖాళీగా ఉంది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది, ఎదురు చెప్పేదాన్ని. ఆ ఆదివారం నన్ను చూడ్డానికి రావలసిన రామారెడ్డి ఊరి సంబంధం వాళ్ళు రాలేదు. ఖార్ఖానా సేటు అవ్వతో, "నీ బిడ్డ చేసిన బీడీలు వద్దు గని అవ్వా, నీ చేతివి ఉంటె తే" అన్నాడు. అవ్వ చేతివి ఎక్కడివి.

కామారెడ్డి డాక్టరు నన్ను వెనక గదికి పంపింది అప్పుడే. "అక్కడ ఖైరున్నీసా ఉంటది, ఆమె చెప్పినట్టు చెయ్యి" అన్నాడు. నేను ఏదో మిషను ఉంటుందనుకున్నాను. గదిలో ఒక చెక్కబల్ల, దాని మీద సత్తు గిన్నెలు. ఒకదాంట్లో జొన్నలు, ఒకదాంట్లో పెసలు, ఇంకోదాంట్లో నువ్వులు, పక్కన పళ్ళెంలో ఇసుక. ఒక అట్ట మీద గుడ్డముక్కలు అంటించి ఉన్నాయి, గోనె, ముఖమల్, ఉన్ని, ధోతి ముక్క. బల్ల వెనక నలభై దాటిన మనిషి, మోచేతుల కిందిదాకా జాకెట్టు, తల మీద నిండుగా కొంగు. నన్ను చూసి మొదట అడిగింది, "ఏం పని చేస్తవ్ బేటీ?" అని. బీడీలు చేస్తానన్నాను. "అచ్చా. అయితె నీ వేళ్ళు మస్తు చదువుకున్నయి. మళ్ళ ఒకటో తరగతిల కూసోవెట్టాలె, అంతే" అంది. డాక్టర్లు నా చేతి గురించి చాలా చెప్పారు గానీ నా వేళ్ళు చదువుకున్నాయన్నది ఆమె ఒక్కతే. నాకు ఆ క్షణానే ఆమె నచ్చింది.

పద్ధతి వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. వెనక రబ్బరు ఉన్న పెన్సిలుతో ఆమె నా వేలి మీద మెల్లగా గీసేది. మొదట చూస్తూ ఉండాలి. తరవాత కళ్ళు మూసుకొని ఎక్కడ గీసిందో చెప్పాలి. మొదటి నెలల్లో ఏమీ తెలియలేదు. ఆ తరవాత తెలియడం మొదలైంది గానీ అంతా తారుమారు. ఆమె నడిమివేలి మీద గీస్తే నాకు బొటనవేలి మీద తెలిసేది. నువ్వుల్లో చెయ్యి పెడితే నిప్పుకణికల్లో పెట్టినట్టు మంట. బాగవుతున్నదనుకుంటే ఇదేం ఖర్మ అని చెయ్యి లాగేసుకున్నాను. ఆపా నవ్వింది. "నరం ఇప్పుడు కొత్త కోడలు. ఇంట్లకొచ్చింది, ఉప్పు ఏ డబ్బల ఉన్నదో తెల్వది. అన్నిట్ల చెయ్యి వెట్టి ఆగమాగం చేస్తది. నువ్వు అత్త తీరు కొట్టకు. చూపియ్యి. ఇది ఉప్పు, ఇది చక్కెర అని రోజూ చూపియ్యి. నేర్చుకుంటది" అంది. ఇంట్లో కూడా రోజూ చేయమంది. అవ్వ నాకు చాటలో పప్పులు పోసిచ్చి, ఎదురుగా కూర్చొని కాపలా కాసేది.

ఇంతవరకు ఎవరైనా నేర్పి ఉండేవాళ్ళేమో. ఆపాది ఒక పట్టుదల ఉండేది, అది వేరే ఎవరికీ లేదు. ముట్టుకున్నదాని పేరు చెబితే ఆమెకు చాలదు. "గోనె" అంటే ఒప్పుకోదు. "గోనె అని నాగ్గూడ కనవడ్తున్నది. ఎట్లున్నది?" అనేది. గరుకుగా ఉందంటే, "గరుకంటే ఏం గరుకు? పిల్లి నాలిక గరుకా, ఇసుర్రాయి గరుకా?" అనేది. నేను ఆలోచించి, పిల్లి నాలుక తడిగా ఉంటుంది, ఇది పొడిగా ఉంది, దారాలు అడ్డంగా లేచి ఉన్నాయి, ఒక దిక్కు నిమిరితే పడుకుంటాయి, ఇంకో దిక్కు నిమిరితే ఎదురు తిరుగుతాయి, అని చెప్పాలి. అప్పుడు గానీ ఆమె ముఖం తేటపడదు. తప్పు చెప్పినా ఏమనేది కాదు. ఊరికే కూర్చుంటే మాత్రం కోపం వచ్చేది. "తప్పు చెప్తె దిద్దుకుంటం. సప్పుడు చెయ్యకుంటె ఏం చేస్తం?" అనేది. ఒక్కోసారి నాకు విసుగు పుట్టేది. నా చెయ్యి బాగుచేయడానికి వచ్చానా, హరికథ చెప్పడానికి వచ్చానా అనుకునేదాన్ని. కానీ మాట కోసం వెతికినప్పుడు వేలు కూడా వెతుకుతుందని కొన్నాళ్ళకు నాకే తెలిసింది. చెప్పాల్సి వస్తుందని తెలిస్తే చెయ్యి ఇంకొంచెం శ్రద్ధగా ముట్టుకుంటుంది.

ఆమెను గమనించడం కూడా అప్పుడే మొదలైంది. ఆపా ఏ వస్తువు తీసినా ముందు దాని వైపు చూసి, చూపు కదపకుండా తీసేది. చాయ్ పోయాలంటే కెటిల్ చెవికి మందపు గుడ్డ చుట్టేది. నా చెయ్యి నానబెట్టే నీళ్ళ వేడిని మోచేతితో చూసేది. పని అయ్యాక కిటికీ దగ్గరికి పోయి తన రెండు అరచేతులూ ఇటూ అటూ తిప్పి చూసుకునేది, గీత పడిందా, పొక్కు లేచిందా అని. కుడిచేతి చిటికెనవేలు లోపలికి వంగి ఉండేది. చిన్నప్పుడు ఎప్పుడో విరిగి ఉంటుందనుకున్నాను. ఇంత జాగ్రత్త మనిషిని మా వాడకట్టులో చూడలేదని అవ్వకు చెప్పాను కూడా.

ఒకనాడు ఆపా నాలుగుసార్లు గీస్తే నాలుగూ సరిగ్గా చెప్పాను. నడిమివేలు నడిమివేలి లాగా, బొటనవేలు బొటనవేలి లాగా చెప్పింది. ఆ సంతోషంలో చిలిపితనం పుట్టింది. "ఆపా, ఇగ మీ వంతు. కండ్లు మూసుకోండ్రి" అన్నాను. ఆమె ఒక్క క్షణం నా వైపు చూసి, చెయ్యి చాచి, కళ్ళు మూసుకుంది. బల్ల మీద పోకవక్క ఉంటే తీసి ఆమె అరచేతి నడుమ పెట్టాను. ఆమె వేళ్ళు ముడుచుకోలేదు. చెయ్యి అలాగే చాచి ఉంది. నేను జవాబు కోసం చూస్తున్నాను. బయట ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది. ఆపా కళ్ళు తెరవకుండానే, "పెట్టినవా?" అని అడిగింది.

ఆమె కళ్ళు తెరిచి, వక్కను చూసి, నవ్వి నోట్లో వేసుకుంది. అప్పుడు చెప్పింది, ఎక్కువ చెప్పలేదు. చిన్నప్పుడు ఒంటి మీద మచ్చలు పడ్డాయట. ఊళ్ళో ముల్లు గుచ్చి చూశారట. వాళ్ళ నాన్న బండి కట్టి దూరాన ఉన్న ఆ రోగపు దవాఖానలో దింపి, మళ్ళీ రాలేదట. "మందు తిన్న. రోగం పోయింది. ఎవ్వరికి అంటదు. చేతులు మాత్రం మళ్ళ రాలె" అంది. అక్కడే పెరిగింది. అక్కడ ఒక డాక్టరమ్మ చేతుల పని నేర్పింది. స్పర్శ పోయినవాళ్ళు కళ్ళతో చేతులను కాపాడుకోవడం, నరం అతికినవాళ్ళు స్పర్శను వెనక్కు పిలుచుకోవడం, రెండూ నేర్చుకుంది. మొదటిది తనకు పనికివచ్చింది, రెండోది నాలాంటి వాళ్ళకు. "ముఖమల్ మీద చెయ్యి వెడ్తె ఎట్లుంటదో నాకు యాదికి లేదు శ్యామలా. అందుకే అడుగుత. నీకు ఇలాజ్, చెయ్యి బాగైతది, నాకు జర ఖుషి" అంది. ఇక్కడికి వచ్చేవాళ్ళకు చెప్పవద్దని డాక్టరు అన్నాడట, చెబితే రారని. "నువ్వు కండ్లు మూసుకొమ్మంటివి, అబద్ధం ఎట్ల చెప్పను?" అని మళ్ళీ పెన్సిలు తీసింది.

ఆ సాయంత్రం బస్సులో నాకు భయం వేసింది. అంటుకుంటుందని కాదు, ఆమె అంటదని చెబితే నమ్మాను. చాచిన ఆ అరచెయ్యి కళ్ళ ముందు నుంచి పోలేదు. తిరిగి రాకపోతే చెయ్యి అలా ఉంటుంది. వక్క పెట్టినా తెలియదు, పెట్టారా అని అడగాలి. నాది కూడా ఇక్కడితో ఆగిపోతే అవ్వ గతి ఏమిటి, నా గతి ఏమిటి అనుకున్నాను. ఇంటికి పోయి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, చాటలో నువ్వులు పోసుకొని కూర్చున్నాను. ఆపా నేర్పిన పని అంత గట్టిగా నేను అంతకుముందు ఎప్పుడూ చేయలేదు. ఆపా నన్ను భయపెట్టాలని చెప్పలేదు, కానీ నన్ను పనిలో పెట్టింది ఆ భయమే.

నరం తన దారిన తాను వచ్చింది. వానాకాలం పోయి, చలికాలం వచ్చి, తునికాకు కొత్త సరుకు దిగేనాటికి, తడి ఆకుకూ ఆరిన ఆకుకూ తేడా కళ్ళు మూసుకొని చెప్పగలిగాను. ఆకు వెనక ఈనెలు వేలికి తగిలాయి. దారం ముడి తగిలింది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఒక్కదాన్నే కూర్చొని, గోడ వైపు చూస్తూ ఒక బీడీ చుట్టాను. బిగువుగా వచ్చింది. అవ్వ దాన్ని తీసుకొని, అటూ ఇటూ తిప్పి చూసి, దేవుడి పటం ముందు పెట్టింది. తంబాకు దేవుడి ముందు పెడతారా అంటే, "నీ దేవునికి ఏం తెల్వది, ఊకో" అని ముఖం తిప్పుకుంది. అవ్వ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను బాపు పోయినప్పుడు చూశాను, మళ్ళీ అప్పుడు చూశాను.

మరునాడు చాట పట్టుకొని అరుగు దగ్గరికి పోయాను. నన్ను చూసి అందరూ జరిగారు. నేను కూర్చోలేదు. సీదా అంజవ్వ ముందుకు పోయి, కుడిచెయ్యి చాచి, కళ్ళు గట్టిగా మూసుకొని, "గుచ్చు" అన్నాను. "ఏందే పిల్లా, పొద్దుపొద్దుగాల" అంది. "గుచ్చవ్వా. అప్పుడు అడగకుంట గుచ్చితివి, ఇప్పుడు అడిగిచ్చుకుంటున్నవా?" అన్నాను. ఎవరో కిసుక్కుమన్నారు. కాసేపు ఏమీ కాలేదు. అప్పుడు తగిలింది. "చూపుడువేలు. కొసకు కాదు, జర కిందికి, బొటనవేలు దిక్కు. తుమ్మముల్లు కాదిది, కొస వంగి ఉన్నది, రేగుముల్లు. నొస్తున్నది అంజవ్వా, ఇగ తియ్యి" అన్నాను. కళ్ళు తెరిచేసరికి అంజవ్వ చేతిలో రేగుముల్లు ఉంది. నా వేలు పట్టుకొని, రక్తపు చుక్కను తన కొంగుతో తుడిచింది. ఈసారి చెయ్యి వెనక్కు తీసుకోలేదు. "కూసో" అంది. చాటలు దగ్గరికి జరిగాయి. ఒకామె తంబాకు అరువడిగింది. నాకు క్షమాపణలేవీ దొరకలేదు, అరువడిగే మనిషి దొరికింది. మా వాడకట్టులో అది చాలు.

నేను గెలిచానని సంబరపడుతూ వారం తిరగకముందే కామారెడ్డి పోయి ఆపాకు ఆ కథంతా చెప్పాను. చేతులు తిప్పుతూ, అంజవ్వ గొంతు పెట్టి మరీ చెప్పాను. సగం చెప్పేసరికి నా నోరు దానంతట అదే మెల్లబడింది. నేను గెలిచిన పరీక్ష ఏదో నాకప్పుడు తట్టింది. అదే ముల్లు, అదే చాచిన చెయ్యి. ఆ పరీక్షలో ఓడిపోయినందుకే ఈమెను బండిలో తీసుకుపోయి దింపి వచ్చారు. వాళ్ళు ముల్లు గుచ్చడం తప్పని నేను అరుగు మీద అనలేదు, నాకు నొప్పి తెలుస్తుందని మాత్రమే చూపించాను. ఇక ఎలా ముగించాలో తెలియక ఆగిపోయాను. ఆపాకు అదేమీ పట్టలేదు. కుర్చీ ముందుకు జరుపుకొని, "అరే, అసలు మాట ఇడిసిపెడ్తివి. ముల్లు దిగినప్పుడు ఎట్లుండె? చెప్పు" అంది.

"నొచ్చింది ఆపా."

"నొచ్చిందంటె ఏం నొప్పి?"

నేను కళ్ళు మూసుకున్నాను. మొదట చల్లగా ఒక చుక్క ఆనినట్టుందని చెప్పాను. తరవాత ఆ చుక్క లోపలికి దిగిందనీ, దిగేటప్పుడు సన్నగా, దిగాక వెడల్పుగా ఉందనీ, వేలు మొత్తం అక్కడికే చేరినట్టయిందనీ, తీసేసినా కాసేపు అక్కడ ఏదో ఉన్నట్టే ఉందనీ చెప్పాను. చెప్పడం అయిపోయి కళ్ళు తెరిస్తే ఆమె కూడా కళ్ళు మూసుకొని వింటోంది. తన చూపుడువేలిని బొటనవేలితో మెల్లగా రుద్దుకుంటోంది. "హా" అంది. "గట్లనే ఉండె. యాదికొచ్చింది." అంతకంటే పెద్ద ఫీజు నేను ఆమెకు ఎప్పుడూ ఇవ్వలేదు.

ఆ తరవాత నాకు మళ్ళీ ఆమె దగ్గరికి పోవలసిన పని లేదు, అయినా పోతూ ఉండేదాన్ని. రామారెడ్డి సంబంధం పోతే పోయింది, ఎల్లారెడ్డిలోనే పెళ్ళయింది. కొన్నేళ్ళకు మా వాడకట్టులో పెద్దవాళ్ళకు చదువు చెప్పే పని దొరికింది. పలకలు చాలవని పళ్ళెంలో ఇసుక పోసి వేలితో అక్షరాలు రాయించాను. కళ్ళు మూసుకొని రాయమనేదాన్ని. అంజవ్వ నా మొదటి వరసలోనే కూర్చునేది. "అ" రాసి, "వచ్చిందా?" అంటే, "వచ్చుడు కాదవ్వా, ఎట్లున్నదో చెప్పు" అనేదాన్ని. "నీ సతాయింపు పాడుగాను" అని తిడుతూనే, ఒక సున్న, దానికి ఒక తోక, తోక మళ్ళీ పైకి లేచింది అని చెప్పేది. ఆపా గురించి ఆ అరుగు మీద నేనే చెప్పాను, ఆమె ఒప్పుకున్నాకనే. ఆమె చేతుల గురించి, బండి గురించి, రోగం పోయిన సంగతి గురించి చెప్పాను. కొందరు విన్నారు, కొందరు లేచిపోయారు. అంజవ్వ మాత్రం తన చాట అంచుకు ఎప్పుడూ గుచ్చి ఉంచుకునే తుమ్మముల్లును తీసి మోరీలో పారేసింది.

తొంభైలలో ఎముకల డాక్టరు ఆస్పత్రి మూసి పట్నం వెళ్ళిపోయాడు. ఆపాను పెద్దకొడప్‌గల్‌లో ఉన్న తమ్ముడి కూతురు తీసుకుపోయింది. అన్నేళ్ళకు ఇంటివాళ్ళు ఒకరైనా వచ్చారని ఆమెకు సంతోషంగానే ఉండేది. నేను చూడ్డానికి పోయేనాటికి ఆమె రెండు కళ్ళల్లో పువ్వు పడి చూపు ఆనడం లేదు. ఆపరేషను మాట మాట్లాడుతున్నారు, ఇంకా కాలేదు. చేతులకు కాపలా కాసే కళ్ళు అవి. మంచం మీద కూర్చొని ఉంది, రెండు చేతులకూ గుడ్డలు చుట్టి ఉన్నాయి, తెలియకుండా ఎక్కడో కాల్చుకుందట. నా గొంతు గుర్తుపట్టి, "శ్యామలా, ఏం తెచ్చినవ్?" అంది. దారిలో చేను గట్టున తెంపుకున్న జొన్నకంకి నా దగ్గర ఉంది. ఒక చేతి గుడ్డ విప్పి, కంకిని ఆమె అరచేతిలో పెట్టాను.

"పెట్టినవా?"

"పెట్టిన ఆపా."

"అయితె చెప్పు."

చాలాసేపు చెప్పాను. గింజల మొనలు, పొట్టు గరుకు, కాడ మీది నూగు, లోపల దాగిన చేను చల్లదనం, అన్నీ. చెప్పినంతసేపూ ఆమె తల ఊపుతూ వింది. ఆ తరవాత ఏడాది ఆమె పోయిందని కబురు వచ్చింది, మట్టి అయ్యాక వచ్చింది.

ఇప్పుడు నా వేళ్ళు బాగానే ఉన్నాయి, వయసుతో వచ్చే బాధలు తప్ప. అడిగేవాళ్ళే లేరు. మొన్న గంజ్ నుంచి జొన్నలు తెచ్చి, చాటలో పోసి, ఎప్పటిలాగే కళ్ళు మూసుకొని ఏరుతున్నాను. గింజల నడుమ ఒక రాయి చేతికి తగిలింది. చిన్నది, మూడు పలకలు, ఒక అంచు పదును. బొటనవేలితో నొక్కి చూశాను. చురుక్కుమంది.

"నొస్తున్నది ఆపా" అన్నాను.